ఫోన్‌లో చెప్పని అంకెలు

రాష్ట్రం వచ్చిన మూడో ఏడు వేసవిలో, మా ఉపగ్రహంతో గామా కిరణాల విస్ఫోటాలను పట్టే బృందానికి నన్ను పెద్దను చేశారు. ఎక్కడో దూరాన ఒక భారీ నక్షత్రం కూలినప్పుడు పుట్టే మెరుపే ఈ విస్ఫోటం. ఉండేది కొన్ని సెకన్లు. దాని వెనక మిగిలే వెలుగును ఆఫ్టర్‌గ్లో అంటాం. అది గంటగంటకూ మసకబారుతుంది. మెరుపు ఆకాశంలో ఏ చోట పుట్టిందో తేల్చి, మిగతా టెలిస్కోపుల వాళ్లకు ప్రకటన పంపడం మా పని. ఆలస్యమైతే చూడటానికి ఏమీ మిగలదు. తప్పు చోటు చెబితే ఇంకా ఘోరం, మళ్లీ మన మాట ఎవరూ నమ్మరు.

అందుకే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఇద్దరు విడివిడిగా లెక్క చేయాలి. రెండో మనిషి లెక్క ముగిసేదాకా మొదటి వాళ్ల అంకెలు వినకూడదు. ముందే వింటే కళ్లు ఆ చోటునే వెతుకుతాయి.

ఆ రోజు సునీత మొదటిసారి ఒంటరిగా డ్యూటీలో ఉంది. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్ల, అమ్మానాయినలు కూలి చేసి చదివించారు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ప్రకటన ఆమె పేరుతోనే వెళ్తుంది. రెండో లెక్క నాది. నేనేమో హాలియాలో తమ్ముడి గృహప్రవేశంలో ఉన్నాను.

పొద్దున పాలు పొయ్యి మీద పెట్టగానే ఫోన్ మోగింది.

"మేడం, వచ్చింది! నిజమైందే! చోటు గూడ దొరికింది, చెప్తున్న..."

"నోరు మూస్కో! చెప్పకు!" అని అరిచాను. పంతులు మంత్రం ఆపేసి నా వైపు చూశాడు.

కొత్తింట్లో ఇంటర్నెట్ లేదు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని బయల్దేరుతుంటే మరదలు అడ్డం వచ్చింది. "వదినె, పాలు పొంగే యాళ్లకు ఎటు పోతున్నవ్?"

"రైస్ మిల్లుకు," అన్నాను. వివరించే ఓపిక ఎక్కడిది!

మిల్లు ఆఫీసులో కేబుల్ ఇంటర్నెట్ ఉంది. ఊక దుమ్ములో కూర్చుని డేటా దించాను. మా పరికరం మీద చిల్లుల పలక ఒకటి ఉంటుంది. జల్లెడలోంచి ఎండ పడ్డట్టు గామా కిరణాలు దాని గుండా పడతాయి. ఆ నీడను బట్టి అవి వచ్చిన దిక్కు లెక్కగట్టాలి. నా లెక్క ముగిశాక సునీతను అంకెలు పంపమన్నాను.

కలవలేదు. దగ్గరగా కూడా లేదు, ఆకాశంలో ఇంకో మూల.

తప్పు ఆమెదో నాదో నాకు తెలియదు. ఫోన్ చేసి, "కలవలేదు. నువ్వూ మళ్ల చెయ్యి, నేనూ చేస్తున్న," అన్నాను.

"ఏ దిక్కుకున్నది మేడం మీది? జర గంత చెప్పుండ్రి."

"చెప్ప."

"యాళ్ల పోతాంది మేడం! వెలుగు ఆరిపోతే నా నౌకరి ఏమైతది?" ఏడుస్తోంది.

"తప్పు చోటు పోతే ఏమైతదో గది సోంచాయించు," అని పెట్టేశాను.

అలా అన్నానే గానీ, నాకూ తొందరగానే ఉంది. పెద్దదాన్ని, నా అంకెలే పంపేస్తే అడిగేవాడు లేడు. పంపాలనే అనిపించింది. చేతులు కట్టేసుకున్నంత పనైంది. మొదటి నుంచీ మళ్లీ చేశాను. అదే చోటు వచ్చింది. అయినా పంపలేదు. మిల్లు మోత తప్ప ఫోన్ మోగదే!

చివరికి మోగింది. ఆమె కొత్త అంకెలు నా అంకెల పక్కనే ఉన్నాయి.

"సతాయించే పిక్సెళ్లను తీసెయ్యడం మర్చిన మేడం," అంది. డిటెక్టర్‌లో కొన్ని గడులు కిరణం పడకపోయినా పడ్డట్టు చెబుతాయి. ముందే వాటిని తీసేయకపోతే లేని చోట మెరుపు కనిపిస్తుంది.

ప్రకటన ఆమె పేరుతో వెళ్లింది. మర్నాడు ఒక ఎక్స్‌రే టెలిస్కోపు వాళ్లు, ఆ చోట ఆఫ్టర్‌గ్లో చాలా మసకగా ఉన్నా దొరికిందని రాశారు. ఆమె మొదట చెప్పిన చోటికి తిప్పి ఉంటే ఖాళీ ఆకాశమే. మరదలు మాత్రం చాన్నాళ్లు నాతో ముభావంగానే ఉంది.

రెండో మనిషి ఉండేది ధైర్యం చెప్పడానికి కాదు, తప్పు పట్టడానికి. అందుకు తన జవాబు తన దగ్గరే దాచుకోవాలి. నా ఉద్యోగం నాకు నేర్పింది ఇదే.

రిటైరయ్యే ఏడాది డ్యూటీ నాది, రెండో లెక్క సునీతది. ఆమె లెక్క ముగిశాక నా అంకెలు పంపాను.

"కలవలేదు మేడం. మళ్ల చెయ్యుండ్రి."

ఏ దిక్కున ఉందో అడగబోయాను. అప్పటికే ఫోన్ పెట్టేసింది.