మా మెస్సులో అందరూ వద్దన్న సీటు

పొద్దున పై వాటాలో కిరాయికుండే ఆమె కళ్లు తుడుచుకుంటూ దిగి వచ్చింది. ఎంబీబీఎస్ అయిన కూతురికి పై చదువుకు మానసిక వైద్యంలో సీటొచ్చిందట, సాయంత్రంలోగా చేరకపోతే అదీ పోతుందట. "ఇంత చదివి ఆఖరికి పిచ్చోళ్ల డాక్టరయితదా అత్తమ్మా? రేపు దీన్నెవరు చేసుకుంటరు?" అంది. ఆమెను ఏమనగలను, ఆ మాటకు ఒకప్పుడు నేనూ నవ్వినదాన్నే.

మా ఆయనా నేనూ అశోక్‌నగర్ గల్లీలో మెస్సు నడిపిన రోజులవి. పీజీ సీటు కోసం చదివే డాక్టరు పిల్లలు రెండు పూటలా మా దగ్గరే తినేవారు. ఫలితాలొచ్చిన రోజు వాళ్లకో ఆనవాయితీ: మంచి సీటు దక్కినవాడికి మొదటి వడ్డన, పిచ్చి డాక్టరు సీటు వచ్చినవాడికి అందరూ లేచాక ఒంటరి బంతి. ఒక ఏడు నల్లకుంట నుంచి వచ్చే నెమ్మదస్తుడికి ఆ వంతు పడింది. అతను కోరి పెట్టుకున్న సీటేనట అది. "ఆళ్లతోని ఉండి ఉండి నువ్వు గూడ గట్లనే అయితవ్ రా" అని వాళ్లు ఏడిపిస్తుంటే గరిటె పట్టుకుని నేనూ పకపకా నవ్వాను. అతను సగం అన్నంలో లేచి పోయాడు, ఆ సీటూ వదులుకున్నాడు.

మరుసటేడే మా ఆయనకు నిద్ర కరువైంది. వండిన అన్నంలో ఎవరో విషం కలిపారని గిన్నెలకు గిన్నెలు మోరీలో పారబోసేవాడు. ఆ పిల్లలు చూస్తూనే గ్యాసన్నారు, బీపీ అన్నారు. నేను కడుపు డాక్టర్ల చుట్టూ, దర్గాల చుట్టూ ఏడాది తిప్పాను. తర్వాత వాళ్లలోనే ఒకడు చెప్పాడు, జబ్బేమిటో వాళ్లకు మొదటి వారమే తెలుసట! నా ఉప్పు తిని, మానసిక వార్డు పేరు పలకడానికి నామోషీ పడ్డారు. తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యం, వాళ్ల మీదా, నా మీదా. చివరికి ఒక కడుపు డాక్టరే మానసిక వైద్యుడి దగ్గరికి చీటీ రాసి పంపితే, రెండు నెలల మందులతో మా ఆయన తన చేత్తో అన్నం కలుపుకున్నాడు. కానీ ఏడాదిపాటు సరిగా తినక అప్పటికే ఒళ్లు గుల్లయిపోయింది, మూడేళ్లు కూడా నిండకుండానే పోయాడు.

ఇదంతా పై వాటా ఆమెకు చెప్పాను. తల్లి వెనకే దిగొచ్చి వింటూ నిలబడ్డ ఆ పిల్ల సర్టిఫికెట్ల సంచి తీసుకుని చేరడానికి బయలుదేరింది. ఇప్పుడు నారాయణగూడ దాకా నడిస్తే మానసిక డాక్టర్ల బోర్డులు కనబడతాయి, మా రోజుల్లో ఎరగం. కాలం మారిందనుకునేలోపు తల్లి గుమ్మంలోంచి మెల్లగా అంది: "ఎవరన్న అడిగితే జనరల్ మెడిసిన్ అని చెప్పు బిడ్డా." ఇలాంటి మర్యాదస్తుల మధ్యనే మా ఆయనకు మందు అందకుండా ఒక ఏడాది పోయింది.