నా కొలతది కాని సైకిల్‌తో ఆదిలాబాద్ దాకా

కరీంనగర్‌లో కొన్న ఆ సైకిల్‌ను రెండేళ్లు తొక్కాను. మొదటి నెల నుంచే ఇరవై కిలోమీటర్లు దాటితే మెడ పట్టేసేది, నడుము లాగేది. తర్వాత ఎడమచేతి చివరి రెండు వేళ్లు మొద్దుబారసాగాయి. అమ్మిన దుకాణానికి నాలుగుసార్లు వెళ్లాను. ఒకసారి మెత్తటి సీటు, ఇంకోసారి గ్లౌజులు అంటగట్టారు. చివరిసారి దుకాణదారు, ఆడవాళ్ల ఒళ్లు లాంగ్ రైడ్లకు అంత తొందరగా అలవాటు పడదన్నాడు. నేను నమ్మాను. నర్సునై ఉండి నమ్మాను.

పోయిన చలికాలం మంచిర్యాల వెళ్తుంటే పెద్దపల్లి దాటాక బ్రేకు ఎంత గట్టిగా నొక్కుతున్నానో చేతికి తెలియలేదు. నాది ఎడమచేతి వాటం. ఆ వారమే ఒక పెద్దామెకు సెలైన్ పెట్టబోతే సూది రెండుసార్లు నరం తప్పింది.  మరుసటి నెల హెడ్ సిస్టర్ నన్ను వార్డు నుంచి ఓపీ చీటీల కౌంటర్‌కు మార్చింది. అరచేతి దగ్గర నరం నలుగుతోందని, సైకిలైనా సరిచేయించుకోమని, తొక్కడమైనా మానేయమని డాక్టర్ చెప్పాడు. మనిషి కొలతకు సైకిల్‌ను సరిచేసే ఫిట్టింగ్ పని నాగపూర్‌లో నేర్చుకున్న దత్తన్న ఆదిలాబాద్‌లో ఉన్నాడని తోటి రైడర్ చెబితే, ఒక ఆదివారం చర్చి మానుకుని బయలుదేరాను.

పొద్దున ఐదున్నరకు కరీంనగర్ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చక్రాలు విప్పి సైకిల్‌ను వెనక డిక్కీలో పెట్టనిచ్చారు. ఆధార్ చూపిస్తే నాకు టికెట్ సున్నా. సైకిల్‌కు మాత్రం నూట నలభై తీసుకున్నారు. జగిత్యాల, నిర్మల్ మీదుగా వెళ్లి పదకొండుకు దిగాను. బస్టాండు నుంచి దత్తన్న షెడ్డుకు ఆటోలో పది నిమిషాలు.

దత్తన్నకు యాభై దాటి ఉంటాయి. ముందు సైకిల్ ముట్టుకోలేదు. నన్ను గోడకు నిలబెట్టి, కాళ్ల మధ్య పుస్తకం అడ్డంగా పెట్టి, నేల దాకా టేపుతో కొలిచాడు. చేతులు, భుజాలు కొలిచాడు. తర్వాత సైకిల్‌ను స్టాండుకు బిగించి నన్ను పావుగంట తొక్కించి, పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీసి చూపించాడు. అందులో నేను హ్యాండిల్ అందక ముందుకు వేలాడుతున్నాను. మోచేతులు కట్టెల్లా బిగుసుకున్నాయి, బరువంతా అరచేతుల మీదే ఉంది. నన్ను నేను అలా చూసుకోవడం అదే మొదలు.

"చెల్లె, గీ సైకిల్ నీది కాదు. నీకన్న జానెడు ఎత్తున్నోనిది," అన్నాడు.

"అమ్మినాయనకు తెల్వదా అన్నా?"

ఆయన బోల్టులు విప్పే పానా అందుకున్నాడు. "తెల్వకుంట ఎట్లుంటది? దుకాణంల గదే మిగిలి ఉండొచ్చు."

ఫ్రేమ్‌ను చిన్నది చేయలేనని, చేతనైనంత చేస్తానని చెప్పాడు. సీటు కాస్త దించి ముందుకు జరిపాడు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క తీసి పొట్టిది వేశాడు, బ్రేకులు పైకి తిప్పాడు. రెండున్నర గంటల పని; ముక్కతో కలిపి మూడు వేలు. కిస్తీలు కట్టి కొన్న సైకిల్‌ను అమ్మేయమని కూడా ఆయనే చెప్పాడు.

మూడు గంటలకు గుడిహత్నూర్ వైపు తొక్కుకుంటూ వెళ్లాను. ఇరవై కిలోమీటర్లు. మెడ నొప్పి లేదు, నడుము నొప్పి లేదు. సంతోషం రావలసింది, కోపం వచ్చింది. ఇంత చిన్న పని జరగకనా రెండేళ్లు నేను పంటి బిగువున ఓర్చుకుంది? గుడిహత్నూర్‌లో చాయ్ తీసుకుని గ్లాసును ఎడమచేత్తో పట్టుకున్నాను.

"అంచు పట్టుకో అమ్మా, కాల్తది," అన్నాడు చాయ్ ఆయన.

చూపుడు వేలు కాలింది. చివరి రెండు వేళ్లకు ఏమీ తెలియలేదు.

ఇది జరిగి ఐదు నెలలైంది. ఉంగరపు వేలికి సగం స్పర్శ వచ్చింది, చిటికెన వేలికి రాలేదు. నేను ఇంకా చీటీల కౌంటర్‌లోనే ఉన్నాను. సైకిల్‌ను, ఆ కొలతకు సరిపోయే ఒక పొడుగాయనకు సగం ధరకు ఇచ్చేశాను. దుకాణదారు మీద కోపం తగ్గలేదు. కానీ అంతకంటే ఎక్కువ కోపం, నా ఒంటి మాట కాదని అతని మాట విన్న నా మీదే. ఎవరైనా "అలవాటవుతుంది" అంటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

కొనేవాళ్లకు ఒక్కటే చెబుతాను: డబ్బు కట్టకముందే కాళ్ల కొలత తీయించుకోండి, దుకాణం బయట అరగంట తొక్కి చూడండి. మోచేతులు కొద్దిగా వంచి హ్యాండిల్ పట్టుకోలేకపోతే, ఎంత తగ్గింపు ఇచ్చినా సైకిల్‌ను అక్కడే వదిలేసి రండి.