దక్షిణం వాకిట్లో కుర్చీ

మా పెద్దనాయన పోయినాడన్న కబురు నాకు కమ్యూనిటీ హాలు కమిటీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ కబురుకు సరిగ్గా పైన, ముందురోజు ఆయనే పెట్టిన మెసేజ్ ఉంది: "నిప్పార్పే ఇసుక బకెట్లో ఎవరో వక్కాకు ఉమ్మినారు. ఎవరో నాకు తెలుసు." ఊరంతా దండాలు పెడుతుంటే గ్రూపులో ఇద్దరు మాత్రం మౌనం పాటించారు. వాళ్లెవరో ఇప్పుడు నాకూ తెలుసు.

గుత్తి పక్కన మా ఊళ్లో పెళ్లయినా పెద్దకర్మయినా ఆ హాల్లోనే. పెద్దనాయన దానికి కార్యదర్శి. వచ్చినవాళ్లు పెళ్లికూతుర్ని చూస్తే, ఆయన గ్యాసు సిలిండర్లను చూసేవాడు. అవి షామియానాకు దూరంగా, గాలాడే చోట ఉంటేనే పొయ్యి వెలగాలి. పెరుగు వాసన చూసేవాడు. నీళ్ల తొట్టిలోకి టార్చి కొట్టి చూసేవాడు. మంటలార్పే ఎర్ర డబ్బా ముల్లు పచ్చ గీత మీద ఉంటే, దాని వీపు తట్టేవాడు. నా వీపు ఎప్పుడూ అలా తట్టిన గుర్తు లేదు.

అన్నిటికంటే ఆయన ప్రాణం దక్షిణం తలుపు మీద. హాలుకున్నవి రెండే వాకిళ్లు. తూర్పుది అందరూ వచ్చేది, దక్షిణానిది ఎవరికీ అక్కర్లేనిది. అది యముడి దిక్కని ప్రతి పెళ్లివాళ్లూ దాన్ని మూయించి, అడ్డంగా సామాన్లు పేర్చాలని చూసేవాళ్లు. ఆ దిక్కున యముడొస్తాడప్పా అంటే, "వచ్చినోడు పోవల్ల గదా, దోవ ఉండనీ" అనేవాడు.

అక్క పెళ్లిలో ఈ తలుపే మా పీకల మీదికి వచ్చింది. గోరంట్ల సంబంధం. ముహూర్తం ముంచుకొస్తున్నప్పుడు పెళ్లికొడుకు తండ్రి ఆ వాకిలి చూశాడు. అది మూసి, సారె బీరువా అడ్డం పెడితేనే కొడుకును పీటల మీద కూర్చోబెడతానన్నాడు. లోపల అక్క ఏడుపు అందుకుంది. నాన్న వచ్చి పెద్దనాయన చెయ్యి పట్టుకుని, ఈ ఒక్క పూటకు పోనీ అన్నా అని బతిమాలాడు.

పెద్దనాయన ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆ వాకిట్లో వేసుకుని, బయటికి మొహం పెట్టి కూర్చున్నాడు.

"బావా, వాకిలి మూసినట్టే అనుకో. వచ్చే దోషమేదో ముందు నాకు తగుల్తాది. నువ్వు తాళి కట్టించు."

"నువ్వు అడ్డముంటే ఏమి, బీరువా అడ్డముంటే ఏమి? రెండూ ఒకటే గదా" అన్నాడు పెళ్లికొడుకు తండ్రి.

"ఒకటెట్లయితాది? పొగ లేస్తే నేను లేస్తా. బీరువా లేస్తాదా?"

ముందు పురోహితుడు నవ్వాడు, తర్వాత పెళ్లికొడుకు. ఇక తండ్రికి తప్పలేదు. తాళి పడింది. పెద్దనాయన మాత్రం ఆ పెళ్లి చూడలేదు. గట్టిమేళం వినబడగానే, తల తిప్పకుండా చెయ్యి వెనక్కెత్తి అక్షింతలు విసిరాడు. అవి వడ్డించేవాళ్ల మీద పడ్డాయి.

అప్పట్నుంచి ప్రతి పెళ్లిలోనూ ఆయన కుర్చీ అక్కడే. ఆ హాల్లో ఏనాడూ నిప్పంటుకోలేదు, తిన్నవాళ్లెవరికీ వాంతులు కాలేదు. కాబట్టి ఆయనకు సన్మానమూ కాలేదు. జరగనివాటికి శాలువా కప్పే ఆచారం మన దగ్గర ఇంకా రాలేదు.

ఆయన పెద్దకర్మ కూడా ఆ హాల్లోనే చేశాం. కమిటీవాళ్లు ప్రేమ కొద్దీ ఆ కుర్చీనే దక్షిణం వాకిట్లో వేసి, దండేసిన పటం దాని మీద పెట్టి, ముందు దీపం వెలిగించారు. ఇకనుంచి ఆ కుర్చీ, పటం ఆయన గుర్తుగా ఎప్పటికీ అక్కడే ఉంటాయని ప్రెసిడెంటు ప్రకటించాడు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. వెనక ఎవరో, యముడి వాకిట్లో కూర్చుంటే ఊరికే పోతాదా అని గొణిగారు. పటంలో పెద్దనాయన, సరిగా పెట్టని సిలిండరును చూసినట్టు మమ్మల్ని చూస్తున్నాడు.

అక్క నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "పటం లేస్తాదా రా?"

నేను పటం ఎత్తుకున్నాను. అక్క దీపం తీసుకుంది. కుర్చీ ఎవరు తీస్తారా అని చూస్తుంటే, అక్క వాళ్ల గోరంట్ల మామ లేచి వచ్చి, దాన్ని చంకన పెట్టుకుని నడిచాడు. మూడింటినీ గోడవారగా, పరదాలకు దూరంగా పెట్టాం.

వెనక్కి తిరిగి చూస్తే వాకిలి ఖాళీగా ఉంది. అవతల వాన లేక ఎర్రగా పడున్న శనక్కాయ చేలు. వాటి మీదుగా వచ్చిన గాలి, అడ్డమేమీ లేక, నేరుగా హాల్లోకి నడిచి వచ్చింది.