ఆవకాయలో ఉప్పు

మా చెల్లెలి మొగుడికి లివర్ గట్టిపడిపోయింది. ఆగిరిపల్లి దగ్గర మామిడి తోట చూసుకునే మనిషి, మందు చుక్క ముట్టనివాడు. ఎప్పుడో ఒంట్లో చేరిన కామెర్ల వైరస్ లోలోపల తినేసిందన్నారు. పొట్టలో నీరు చేరడం, ఆసుపత్రిలో సూది గుచ్చి తీయడం, పదిహేను రోజులకే మళ్లీ నిండడం. మూడోసారి డాక్టరమ్మ విసుక్కుంది.

“ఉప్పు తగ్గించమని వీడియో చూపించాం కదండీ! అర్థం కాలేదా? ఇలాగైతే మనిషి దక్కడు.”

బావ తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను బడికెళ్లింది రెండో తరగతి దాకానే. మిగతా చదువంతా పొట్లాలు కట్టిన కాగితాల మీద కూడబలుక్కున్నదే. చదివేవాడికి అర్థం కాలేదంటే ముందు రాసినవాణ్ణి అడగాలని నాకప్పుడే తెలిసింది.

“ఆ వీడియో నాకూ చూపించండి,” అన్నాను.

నర్సమ్మ ఫోన్లో పెట్టింది. బొమ్మ మనిషి బల్ల ముందు కూర్చుని, చిల్లుల డబ్బాతో అన్నం మీద ఉప్పు చల్లుకుంటాడు. వద్దంటారు. తర్వాత చిప్స్ ప్యాకెట్టు. అదీ వద్దంటారు. అంతే, అయిపోయింది.

“మా ఇళ్లల్లో అన్నం మీద ఉప్పు ఎవరు చల్లుకుంటారమ్మా? ఇందులో చెప్పినవన్నీ మా బావ మానేశాడు. ఆఖరికి కూర కూడా చప్పిడే.”

“మరి ముద్ద ఎలా దిగుతోంది?” అంది నర్సమ్మ.

“ఆవకాయ వేస్తున్నానండీ,” అంది మా చెల్లెలు. “అది కారమే కదా.”

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

ఆ ఆదివారం చెల్లెలు కొత్తావకాయ పెడుతుంటే నర్సమ్మని పిలిపించాను. వీడియో తీయడానికి ఫోన్ పట్టుకుని వసారాలో నిలబడింది. బావని పీట వేసి ఎదురుగా కూర్చోబెట్టాను.

“నా పొట్ట మీద సినిమా తీస్తున్నావేంటి బావా? హీరోవి నువ్వేనా?” అన్నాడు నాతో.

“హీరో ఉప్పు. నువ్వు నోర్మూసుకుని చూడు.”

గిన్నెడు కారం, గిన్నెడు ఆవపిండి, గిన్నెడు ఉప్పు. ఉప్పు పళ్లెంలో తెల్లగా కుప్ప పడింది. బావ డెబ్బై ఏళ్లు ఆవకాయ తిన్నాడు గానీ, కలిపేటప్పుడు ఏనాడూ దగ్గర కూర్చున్న పాపాన పోలేదు. మేం మగాళ్లందరం అంతే. చెల్లెలు చేత్తో కలిపేసరికి తెలుపు మాయమై అంతా ఎరుపే మిగిలింది.

“ఇదంతా నా లోపలికేనా?” అన్నాడు బావ.

“మరెక్కడికి పోద్దయ్యా?” అంది చెల్లెలు.

ఆ మధ్యాహ్నం ఉప్పు లేని మామిడికాయ పప్పు తిన్నాడు, పులుపు ఆసరాతో. తిడుతూనే తిన్నాడు.

మళ్లీ ఆసుపత్రికెళ్తే డాక్టరమ్మ పొట్ట తట్టి చూసి, “ఈసారి సూది అక్కర్లేదండీ,” అంది. బయట హాల్లో టీవీలో మా వీడియో నడుస్తోంది. మైలవరం నుంచి భర్తని తీసుకొచ్చిన ఒకావిడ దాన్నే చూస్తూ మావైపు తిరిగింది.

“మాగాయ అయితే పర్లేదాండీ?”

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. “అదీ అంతేనమ్మా. కానీ నువ్వు చెబితే మీ ఆయన వినడు. కలిపే రోజు పక్కన కూర్చోబెట్టుకో.”