జవాబు వినే అమ్మాయి

ఉప్పల్‌లో నాచారం బస్సెక్కాను. పక్క సీటులో ఒకమ్మాయి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ మీద చకచకా టైపు చేస్తోంది. స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. కాళ్ల దగ్గర మడిచిన తెల్లకర్ర చూశాక అర్థమైంది, ఆమెకు చూపు లేదు.

ఏం చేస్తున్నారని అడిగాను.

"ఏపీఐ టెస్టింగ్ అన్న. యాప్ ఎనక పనిజేసే సర్వర్‌కు రిక్వెస్ట్ పంపుత, అదేం జెప్తదో ఇంట."

నేనూ అదే నేర్చుకుంటున్నానని, అందులో కళ్లతో చూసి పరీక్షించే పేజీ ఏదీ లేక విసుగొచ్చి కోర్సు మానేద్దామనుకుంటున్నానని చెప్పాను.

"సూసేదేముందన్న? సక్కగ అడగాలె, జవాబు మంచిగ ఇనాలె," అంటూ ఒక ఇయర్‌ఫోన్ నా చేతికిచ్చి మీట నొక్కింది.

స్క్రీన్ మీది అక్షరాలు చదివి వినిపించే కంప్యూటర్ గొంతు వేగానికి నాకొక్క ముక్కా అందలేదు. ఆమె మాత్రం నవ్వింది.

"తప్పు పాస్‌వర్డ్ ఇచ్చినా లోపలికి రానిస్తున్నదన్న. లోపం దొరికింది."

నాచారంలో కర్ర విప్పుకుని దిగిపోయింది. ఆ సాయంత్రం నేను క్లాసుకు అందరికంటే ముందే వెళ్లాను.