వీరావల్ నుంచి మెసేజీలు

శ్రీకాకుళంలో మా క్లాసు ఒక మందుల షాపు మేడ మీద గదిలో నడిచేది. ఫోన్లో తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది, స్క్రీన్ రీడర్ అని. చూపు లేనివాళ్లకు దాన్ని వాడడం నేర్పేదాన్ని. నాకూ పుట్టుకతోనే చూపు లేదు. ఫోన్లకు తెలుగు చదవడం అప్పుడప్పుడే పట్టుబడుతున్న రోజులవి.

ఆమె శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డు ఊరి నుంచి వచ్చేది. పది దాకా చదువుకుంది. పెళ్లయ్యాక పెద్ద జ్వరం వచ్చి కళ్లు పోయాయి. భర్త గుజరాత్‌లో, వీరావల్ బోట్ల మీద వేటకు వెళ్లేవాడు. వానలు తగ్గాక వెళితే మళ్లీ ఎండాకాలం చివరికే రావడం.

ఏం నేర్చుకుందామని వచ్చావని మొదటిరోజు అడిగాను. మా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఉద్యోగం కోసమనే అనేవారు.

"మా మావ మెసేజీలు నేనే సదువుకోవాల అప్పా," అంది. అక్కా అనడానికి బదులు అప్పా అంటారు అక్కడ. "ఇప్పుడు మా తోడికోడలు సదివి సెప్తాది. ముందు తను నవ్వుతాది, తరవాత ఇల్లంతా నవ్వుతారు."

"రాయడం ఎందుకు? మాట్లాడి రికార్డు చేసి పంపమనొచ్చు కదా?"

"బోటులో అందరి ముందర ఏటి మాటాడతాడు? నోరిప్పితే సేపల గురించే. రాస్తేనే ఆడి మనసులోది బయటకొస్తాది."

ఆమె వేలు పట్టుకుని నేర్పాను. ఒక వేలితో పక్కకు తోస్తే తర్వాతిదేమిటో చెబుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. చేపలు ఎండబెట్టి ఎండబెట్టి ఆ వేళ్లు గరుకుగా ఉండేవి. తలుపు కొట్టినట్టు కొట్టేది తెరని. మెల్లగా తట్టమంటే, "మెల్లగా కొడితే దానికి తెలుస్తాదా?" అనేది. తెలుస్తుందని నమ్మడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది.

తీరా మెసేజీ తెరిచి చూస్తే, అతను తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. ఫోను వాటిని ఇంగ్లీషులాగే చదివింది. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇదేటప్పా, మా మావ దొరలాగ మాటాడతన్నాడు!" అని నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆ సాయంత్రమే అతనికి ఫోన్ చేసి, తెలుగు అక్షరాల్లో రాయమని చెప్పింది. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. ఫోన్లో తెలుగు రాయడం ఎవరినడిగి నేర్చుకున్నాడో మాకు తెలియదు. బోటు నడి సముద్రంలో ఉన్నన్నాళ్లూ సిగ్నల్ ఉండదు. ఒడ్డుకు దగ్గరపడగానే రాసినవన్నీ ఒక్కసారే వచ్చిపడతాయి. అలా ఒకరోజు క్లాసులో ఉండగానే ఆమె ఫోను మోగడం మొదలుపెట్టి ఎంతసేపటికీ ఆగలేదు.

ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో పెట్టుకుని, రెండోది నా చెవిలో పెట్టింది. "నువ్వూ ఇనప్పా. నేను సరిగ్గా ఇంటన్నానో లేదో."

నా కరెంటు బిల్లూ, బ్యాంకు మెసేజీలూ చదివే ఎత్తుపల్లాలు లేని గొంతే అది. ఆ గొంతు ఇలా చదివింది: "ఈయేళ బోటులో వంట నాదే. పులుసులో ఉప్పు ఎక్కువైపోనాది. నువ్వుంటే తిట్టీదానివి. నీ తిట్లు ఇనాలనున్నాది."

నేను ఇయర్‌ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టేశాను. "సరిగ్గానే వింటున్నావు. మిగతావి నువ్వే విను."

ఆరోజు ఇంటికెళ్లే విజయనగరం బస్సులో, ఏమీ వచ్చి ఉండదని తెలిసీ నా ఫోన్ తీశాను. రీఛార్జి చేసుకోమని ఒక మెసేజీ ఉంది. ఆ గొంతే చదివింది. నా తిట్లు వినాలని ఉందని నాకెవరైనా రాస్తే ఆ గొంతులో అది ఎలా ఉంటుందోనని, మా ఇంటి స్టాపు వచ్చేదాకా అనుకుంటూ కూర్చున్నాను. నాకు అప్పటికి నలభై దాటాయి.

ఆమె తిరిగి రాయడం కూడా నేర్చుకుంది. ఎండాకాలం చివర్లో అతను వచ్చాడు. ఆమె క్లాసుకు రావడం మానేసింది. ఒకరోజు అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. కూర్చోండి అంటే, "పర్లేదండి" అన్నాడు. నేను విన్నది ఆ ఒక్క మాటే. అతను కిందికి వెళ్లాక ఆమె నా దగ్గరికి జరిగింది.

"మనిషి ఇంట్లో ఉన్నాడుగానీ మాట లేదప్పా. నాకు ఈరావల్లో ఉన్నోడి మీదే బెంగగా ఉన్నాది."

"మరేం చేశావు?"

"అరుగు మీద కూకున్నోడికి లోపల్నించి మెసేజీ పెట్టినాను."

"ఏమని?"

"సెప్పను." నవ్వింది. "సానాసేపు ఉలుకూ పలుకూ లేదు. తరవాత ఫోను మోగినాది."

అతను ఏం రాశాడో నేను అడగలేదు.

వానలయ్యాక అతను ఈసారి ఆమెను కూడా తీసుకెళ్లాడు. అక్కడ గది అద్దెకు తీసుకున్నారు. కొన్నాళ్లు నాకూ రాసేది: "అప్పా, తిన్నావా? ఇక్కడ మనోళ్లే ఉన్నారు, బాగుంది." చదివేది ఆ యంత్రమే అయినా నాకు ఆమె గొంతే వినపడేది. రాన్రాను తగ్గాయి. తర్వాత నంబరు మారినట్టుంది.

ఇప్పటికీ ఆ పాత నంబరుకు ఎప్పుడైనా రాస్తాను. పంపానని చెబుతుంది ఫోను. అవతలికి చేరిందని మాత్రం చెప్పదు. కాసేపు ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుని, తర్వాత పనిలో పడతాను.