ముందు నువ్వు తిను

వాకిట్లో కూర్చున్నాను. వంటింట్లోంచి నువ్వుల వాసన, కరివేపాకు వాసన, సన్నసెగ మీద ఎర్రబడుతున్న బియ్యప్పిండి వాసన వచ్చాయి. కోడలు సర్వపిండి చేస్తోంది. కాసేపటికి పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. నేను ముట్టుకోలేదు. ఎందుకో ఆమెకు తెలుసు. "ముందుగాల నేను తినాల్నా అత్తా? ఇన్నేండ్లయినా నా మీద నమ్మకం కుదరలేదా?" అంది. ఇదే ప్రశ్న ఒకప్పుడు నేను నర్సమ్మత్తను అడిగాను. ఆమె సూటిగా జవాబు చెప్పకుండానే పోయింది.

నర్సమ్మత్త మాకు చుట్టం కాదు. దేవరకొండలో మా గోడ పక్క గోడ ఆమెది. మొగుడు లేడు, పిల్లల్లేరు. నిజాం ఏలుబడి చివరి రోజులు. తాలూకా కచేరీకి ఉర్దూలో అర్జీ రాయించుకోవడానికి పల్లెల నుంచి జనం పొద్దున్నే వచ్చేవారు. వాళ్లకు ఆమె ఇంట్లోనే సర్వపిండి చేసి అమ్మేది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి, సర్వ అనే గుండ్రటి గిన్నె లోపల చేత్తో పల్చగా ఒత్తేది. వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి కాల్చేది. ఆమెకు రెండు సర్వలు ఉండేవి. ఒకటి పొయ్యి మీద ఉంటే రెండోది నీళ్లలో చల్లారేది. పొగకు ఆమె కళ్లు దెబ్బతిన్నాయి. మా ఆయన బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. నాకు బతుకుతెరువు కావాలి, ఆమెకు చూపున్న మనిషి కావాలి. అలా వెళ్లి ఆమె పొయ్యి దగ్గర కూర్చున్నాను.

మొదటి రోజు పని అయిపోయి లేస్తుంటే, "యాదీ, కొంగు దులిపి పో" అంది.

"నేనేం దొంగనా అత్తా?"

"దొంగవని నేనన్ననా? దులుపుమన్న. గంతే."

దులిపాను. నాలుగు పల్లీలు కూడా రాలలేదు. అయినా ఏడాది పొడుగునా రోజూ దులిపించింది. తర్వాత ఆమె మా ఇంటికి ఎప్పుడొచ్చినా, పోయేటప్పుడు మా గడప మీద తన కొంగు తానే దులుపుకునేది. నన్ను ఎత్తిపొడవడానికే అలా చేస్తోందని అనుకున్నాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటాను.

ఏడాది తర్వాత, మా ఇంట్లో నేను వేరే పొయ్యి పెట్టుకుంటానని అడిగాను. "పెట్టుకో. పొయ్యి వాకిట్ల నిలబడ్డోనికి కనబడాలె. నిన్నటిది ఇయ్యాల అమ్మొద్దు. కొనెటోని ముందట మొదటి ముక్క నువ్వు తినాలె" అంది.

"రోజూ తినాల్నా?"

"ఆకలైనోడు రెండు చూస్తడే పిల్లా. ఒకటి గిన్నె, రెండోది నీ మొకం."

ఆమె అన్నది ఉత్త మాట కాదు. ఎవరు ఎవరి మనిషో తెలియని రోజులవి. తిండిలో ఏదో కలిపి మనిషిని పాడుచేస్తారన్న భయం అందరిలో ఉండేది. దాన్ని మందు పెట్టడం అనేవారు. ఆ మాట ఒక్కసారి పడితే ఆ పొయ్యి మళ్లీ వెలగదు.

మా ఆయన కాలు బాగుపడాలని నేను శనివారాలు ఒక్కపొద్దు పట్టాను. పొద్దు గూకేదాకా మంచినీళ్లే. ఒక శనివారం మల్లయ్య అనే ముసలాయన పల్లె నుంచి వచ్చాడు. సర్వపిండి చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు తినవా బిడ్డా?"

"ఒక్కపొద్దున్న తాతా. నువ్వు తిను."

తిన్నాడు. కానీ తింటున్నంతసేపూ నన్నే చూశాడు. మధ్యాహ్నానికి కచేరీ మెట్ల మీద కడుపు పట్టుకుని పొర్లుతున్నాడని కబురు వచ్చింది. కబురు వెనకాలే జనం వచ్చారు. "ఆమె తినలే. మందు పెట్టింది" అని అతని అల్లుడు మా వాకిట్లో అరుస్తున్నాడు. లోపల మంచం మీద మా ఆయన లేవలేక "ఏమైందే, ఏమైందే" అంటున్నాడు. అంతలో నర్సమ్మత్త గోడ పట్టుకుంటూ వచ్చింది. నన్ను వెనకేసుకొస్తుందని ఆశపడ్డాను.

అందరి ముందు ఆమె అడిగిన మాట ఇది: "ఏం కలిపినవే?"

"నువ్వు గూడ గట్లనే అడుగుతవా అత్తా? ఏడాది నీ పక్కన కూసున్న. నా మీద నమ్మకం లేదా?"

పొద్దుటి పిండిలోవే రెండు సర్వపిండ్లు గిన్నెలో మిగిలి ఉన్నాయి. ఆమె ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "తిను."

"ఆయన కాలు కోసం పట్టిన ఒక్కపొద్దు అత్తా!"

"ఒక్కపొద్దు ఉన్నదానివి పొయ్యెందుకు ఎలిగిచ్చినవ్? తిను."

ఏడుస్తూ తిన్నాను. చివరి ముక్క మింగేదాకా నిలబడి చూసింది. అప్పుడు రెండోది తాను తీసుకుని, మా గడప మీద కూర్చుని, మొత్తం తిన్నది. తిన్నాక కూడా అక్కడి నుంచి లేవలేదు. పొద్దు వాలేవేళకు మల్లయ్య లేచి కూర్చున్నాడని తెలిసింది. దారిలో ముదిరిన ముంజలు కడుపునిండా తిన్నానని తానే ఒప్పుకున్నాడట. సోమవారం మళ్లీ వచ్చాడు. నేను తిన్న తర్వాతే తిన్నాడు.

నా పొయ్యి నిలబడింది. మా ఆయన కాలు మాత్రం చివరిదాకా సరిగా రాలేదు. ఆ ఒక్కపొద్దు చెడగొట్టింది ఆమేనని చాలా ఏళ్లు మనసులో పెట్టుకున్నాను. నలుగురిలో అడిగిన ఆ మాటను ఆమె ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు.

ఆమె ఆఖరి జబ్బులో ఉండగా సర్వపిండి తినాలని ఉందని కబురు పెట్టింది. వేడివేడిగా తీసుకెళ్లాను. అప్పటికి కళ్లు పూర్తిగా పోయాయి. చేత్తో తడిమి, పళ్లెం నా వైపు తోసింది. "ముందుగాల నువ్వు తిను."

ఒళ్లు మండింది. అది అనుమానమో, అలవాటో, నాకు నేర్పిన పని మరిచిపోలేదు కదా అని పరీక్షించడమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తిన్నాను. నేను మింగిన చప్పుడు విన్నాక తాను ఒక ముక్క నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, "ఉప్పు తక్కువైంది" అంది. తక్కువ కాలేదు. నేను తిన్నాను కదా, నాకు తెలుసు.

కోడలు ఇంకా నిలబడే ఉంది. నేను పళ్లెం తన వైపు తోసేసరికి విసురుగా ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. ఆ విసురు నాకు కొత్త కాదు. ఆమె మింగేదాకా చూసి నేనూ తిన్నాను.

"ఉప్పు సరిపోయింది" అన్నాను, వాకిలి ముందు నుంచి పోయేవాళ్లకు కూడా వినపడేలా.